ఆరూ నలభైకి రాత్రి భోజనం

నీ డ్యూటీ దిగేది ఆరింటికి.
కీల్పాక్‌లో బస్సు, పెరంబూరు వంతెన కింద నడక,
మూడు అంతస్తుల మెట్లు
కలిపితే ఆరూ నలభై.
నేను షాపు తెరిచేది తొమ్మిదింటికి.
మధ్యలో మిగిలిందే మన కాపురం,
అందులో సగం నీ నిద్ర, పావు నా స్నానం.

అందుకే శుక్రవారం
కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను:
వంజరం ముక్కలు ఆరు, తల ఒకటి.
పుల్లమామిడి. ముట్టుకుంటే పళ్ళు జివ్వుమనేది.
కొవ్వొత్తులు (పోయిన తుఫానువి రెండున్నర ఉన్నాయి, వెతుకు).
మల్లెపూలు ఒక మూర.
ఇది కొట్టేశాను, మళ్ళీ రాశాను, మళ్ళీ కొట్టేశాను.
డ్యూటీలో వద్దన్నారని నువ్వు పూలు మానేసి
ఎన్నేళ్ళయిందో లెక్క తేలక.

మార్కెట్లో సెల్వి అక్క అడిగింది
ఇంట్లో విశేషమా అని, అరవంలో.
పెళ్ళిరోజు కాదు, పుట్టినరోజు కాదు,
చుట్టాలెవరూ రావడం లేదు.
మా ఆవిడకి భోజనం అన్నాను.
అక్క కత్తి ఆపి నన్నొకసారి చూసి
తలకాయకి డబ్బులు తీసుకోలేదు.

మెంతిపొడి ఎప్పుడు వేయాలో మీ అమ్మకి ఫోన్ చేశాను.
"దాన్నే అడగరాదా?"
"దానికి తెలియకూడదు."
అటువైపు చాలాసేపు నవ్వు,
ఆ తర్వాత దగ్గు,
ఆ తర్వాత "దించే ముందు, చిటికెడు".

శనివారం రాత్రి పదకొండింటికి దించాను.
రుచి చూడలేదు.
దించగానే తింటే
ఉప్పు ఉప్పే, పులుపు పులుపే, ఎవరి దారి వాళ్ళది.
మూతపెట్టి చీకట్లో వదిలేస్తే
తెల్లారేసరికి ఒకదానికొకటి అలవాటవుతాయి.

చిక్కంతా తెల్లారడంతోనే.
ఏప్రిల్ నెల, ఆరూ నలభై,
కొవ్వొత్తికి సరిపడా చీకటి మద్రాసులో ఎక్కడ దొరుకుతుంది?
నాలుగింటికి లేచి
హాలు కిటికీకి నీలం దుప్పటి,
వంటింటి కిటికీకి నా లుంగీ,
వెంటిలేటరుకి మిక్సీ వచ్చిన అట్టపెట్టె ముక్క,
తలుపు కింద సందుకి తువ్వాలు.
మేకు కొడితే కింద ఇల్లుగలాయన లేస్తాడు,
బట్టల క్లిప్పులతోనే
జానెడు జానెడుగా రాత్రిని కట్టాను.
పగలంతా కళ్ళద్దాలు అరగదీసేవాణ్ణి,
వెలుతురు ఎక్కడ కారుతుందో నాకు తెలుసు.

కొవ్వొత్తి కోసం ఫ్యాను ఆపాను.
ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుంది.
అంతా కుదిరింది,
బయట కాకి ఒక్కటే నా మాట వినలేదు.

తాళంచెవి తిరిగింది.
గుమ్మంలో నువ్వు,
చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా,
చెవి వెనక మాస్కు తాడు గీత.
కొవ్వొత్తిని చూశావు, రెండు పళ్ళేలు చూశావు,
వేలాడుతున్న లుంగీని చాలాసేపు చూశావు.
"కరెంటు పోయిందా?"

ఇక్కడేం చెప్పాలో నేను రాసుకోలేదు.
బిల్లు మీద చోటు అయిపోయింది.

బూట్లు విప్పకుండానే వెళ్ళి
చట్టి మూత తీసి, కళ్ళు మూసుకుని,
మళ్ళీ మూత పెట్టావు.
తిన్నగా కిటికీ దగ్గరికి నడిచావు.
"సలోమీ, అది తీస్తే..."
"రాత్రి నేను రోజూ చూసేదేగా అయ్యా.
నెల్రోజులుగా ట్యూబులైటు కింద ఉన్నాను.
నీ మొహం కనబడనీ."

టక్, టక్, టక్.
మూడు గంటల నా పని మూడు క్లిప్పుల్లో ఊడింది.
ఎండ వచ్చి
పులుసు మీద తేలిన నూనెలో పడింది.

తల నీకు వేశాను.
విరిచి సగం నా పళ్ళెంలో పెట్టావు, కన్ను ఉన్న సగం.
ముల్లు తీస్తూ వార్డులో ఎనిమిదో మంచం ముసలాయన సంగతి చెప్పావు,
నవ్వావు, చెప్పడం ఆపావు, ఇంకాస్త అన్నం పెట్టమన్నావు.
కొవ్వొత్తి ఆర్పడం ఇద్దరం మర్చిపోయాం.
పగటి వెలుగులో అది వెలుగుతున్నట్టే లేదు,
మైనం మాత్రం తగ్గుతూ వచ్చింది.

చేతులు కడుక్కుని నువ్వే అన్నావు,
ఆ క్లిప్పులెక్కడ పెట్టావు, నిద్రొస్తోంది, ఎండ కొడుతోంది.

ఆదివారం. షాపు లేదు.
దుప్పటి ఒక కొస నువ్వు పట్టుకున్నావు,
ఒక కొస నేను.